ఇరవయ్యొక్క తీగలు

టోపీ బిగించే ముందు టేపుతో తల కొలుస్తాను.
యాభై ఎనిమిది సెంటీమీటర్లు.
"అయితే బయట అంతా బాగానే ఉందన్నమాట"
అంటాడు ఇల్పో.
నలభై ఆరేళ్లు. కువోపియోలో రాత్రిపూట
రోడ్ల మీది మంచు తోసే బండి నడుపుతాడు.
రావలసింది మొన్న. వచ్చింది ఈరోజు.
చేతి తొడుగులు రెండూ ఎడమచేతివే.

జెల్ చల్లగా తగులుతుందని నేను చెప్పేలోపే
కిటికీ అవతల కట్టే భవనానికి అంతస్తులు లెక్కపెట్టేశాడు,
నా బ్యాడ్జి ఫోటోలో జుట్టు పొట్టిగా ఉందన్నాడు,
గోడ గడియారం నాలుగు నిమిషాలు వెనకబడిందన్నాడు.
నిజమే.
ఆరేళ్లుగా ఇదే గదిలో ఉంటున్నాను, చూడలేదు.

కళ్లు మూసుకో, ఇల్పో.
తల వెనక భాగంలో ఆల్ఫా లేచింది,
సెకనుకు పది,
ఒడ్డు కనబడ్డాక వేసే తెడ్డులా తీరుబడిగా.
తెరువు.
ఆల్ఫా అణిగింది. అణగాలి కూడా.
నుదుటి వెనక మాత్రం
థీటా కదలనంటుంది.
సెకనుకు ఐదో ఆరో,
కునుకు అంచున ఊగే బరువైన అలలు,
పట్టపగలు, కళ్లు తెరుచుకుని
నా చెవిపోగుల్ని చూస్తున్న మనిషిలో.

బడిలో ఇతనికి చురుకెక్కువన్నారట.
బెంచీకి కట్టేయాలన్నారట, నవ్వుతూనే.
తెర మీద నాకు ఇంకొకటి కనిపిస్తుంది:
లోపల ఎవరో జోగుతున్నారు,
వాళ్లని తట్టి లేపడానికే
ఈ మోకాలు ఊగడం,
ఈ మాట మీద మాట.
ఇలా అనుకోవడం నాకిష్టం.
డాక్టర్ సైనిక్కా ఒప్పుకోదు.
"ఈ గీత అందరిలోనూ ఉండదు, మార్కెత్తా.
ఉన్న ప్రతివాళ్లకీ ఆ జబ్బు ఉండదు.
అలల్ని చూసి మనుషులకి పేరు పెట్టకు."
పోయిన వారం ఒకావిడ వచ్చింది,
పద్నాలుగు ఉద్యోగాలు మారిందట,
పొయ్యి మీద గిన్నె మరిచి రెండుసార్లు ఫైరింజన్ రప్పించిందట.
ఆమె గీతలు పాఠంలో వేసే బొమ్మంత పద్ధతిగా ఉన్నాయి.

చెవుల్లో ఇప్పుడు టక్, టక్, టక్.
మధ్యలో ఎప్పుడో ఒక టింగ్.
టింగ్‌కి మాత్రమే మీట నొక్కాలి. ఎనిమిది నిమిషాలు.
మూడో నిమిషంలో టక్‌కి నొక్కాడు,
"సారీ" అన్నాడు, ఆ సారీ అంటుండగా
టింగ్ ఒకటి దాటిపోయింది.
ఐదో నిమిషానికి మనసెక్కడో మేస్తోంది.
చెవి విన్నది. అల కొంచెం తలెత్తింది,
పిలిచింది తననేనా అని సందేహించి
కూర్చుండిపోయింది.

అయిపోయాక అడిగాడు:
"ఈ కాగితం ఒకటి నాకిస్తారా?
తూయాకి చూపించాలి."
నేనేమీ అడగలేదు, అయినా చెప్పాడు.
తూయా పదిహేడేళ్లు అతనితో కాపురం చేసింది.
వాళ్లమ్మ పోయిన రాత్రి ఆమె మాట్లాడుతుంటే
ఇతను ఫ్రిజ్ చప్పుడు వింటూ ఉండిపోయాడు.
"ప్రేమ ఉన్నవాడికి వినపడుతుంది" అన్నది.
"నాకు ఆ ఫ్రిజ్ ఇప్పటికీ వినపడుతోంది,
తను చెప్పింది ఒక్క ముక్క కూడా రాదు."

ఇవ్వడానికి లేదు, డాక్టర్ చూడాలి, అన్నాను.
ఇచ్చినా అందులో ఫ్రిజ్ ఉండదు, తూయా ఉండదు,
అనలేదు.

"చిన్నప్పుడు తీసుంటే
ఇవే గీతలు వచ్చేవా?"
తెలీదన్నాను.
అప్పుడు ఊరుకున్నాడు.
మోకాలు ఆగింది.
కిటికీ వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు,
నా గడియారం లెక్కలో రెండు నిమిషాలు,
తల మీద తీగలన్నీ ఇంకా అలాగే ఉన్నాయి.

రికార్డింగ్ అంతకుముందే ఆపేశాను.